కుమార్తెల స్వాస్థ్యము

పాఠభాగములు: సంఖ్యాకాండము 27:1–11, యెహోషువ 17:3–6, లూకా 12:13–21



ఈ నెల పాఠమునకు ఎన్నుకొన్న వాక్యభాగము ఆదివారపు ఆరాధనలో తరచుగా వినబడునది కాదు. సంఖ్యాకాండమనగానే గోత్రముల పేరులు, జనుల లెక్కలు అని తలంచి మనలో అనేకులు ఆ పుటలను త్వరగా త్రిప్పివేయుదురు. అయితే ఆ పురుషుల లెక్కల నడుమ అయిదుగురు అప్పచెల్లెండ్ర పేరులు కలవు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. వీరు మనష్షే గోత్రికుడైన సెలోపెహాదు కుమార్తెలు. ఈ పేరులను పరిశుద్ధ గ్రంథము ఒకసారి చెప్పి ఊరకుండలేదు. సంఖ్యాకాండము 26, 27, 36 అధ్యాయములలోను, మరల యెహోషువ 17వ అధ్యాయములోను, నాలుగు మారులు పేరు పేరున వ్రాసినది. వారి భర్తల పేరులు మాత్రము ఎక్కడను లేవు! మన ఊళ్లలో ఫలానివాని భార్య, ఫలానివాని తల్లి అనుట వాడుక గనుక ఇది గమనింపదగిన సంగతి.

బైబిలు తెరచి 27వ అధ్యాయము మొదటి 11 వచనములు బిగ్గరగా చదువుడి. చదువు రాని తల్లులు ఇంటిలో నున్నచో వారి ప్రక్కన కూర్చుండి, వారు వినునట్లు నిదానముగా చదువుడి.

ఇశ్రాయేలీయులు మోయాబు మైదానములలో దిగియున్నారు. యొర్దాను ఆవలి దేశము కనబడుచున్నది గాని ఇంకను అందులో కాలు పెట్టలేదు. యుద్ధమునకు పోదగిన పురుషులను, ఇరువది ఏండ్లు మొదలుకొని పై ప్రాయము గలవారిని లెక్కించిరి. ఆ లెక్కను బట్టియే భూమి పంచవలెనని ఆజ్ఞ. సెలోపెహాదు అరణ్యములోనే చనిపోయెను. అతనికి కుమారులు లేరు. కనుక ఆ ఇంటికి పాలు లేదు. మన రెవెన్యూ మాటలలో చెప్పవలెనన్న, ఆ ఖాతా కొట్టివేయబడినది.

అప్పుడు ఆ అయిదుగురు ఎక్కడికి వచ్చి నిలిచిరో చూడుడి. గుడారపు చాటున కూర్చుండి ఏడ్వలేదు. పినతండ్రుల యొద్దకు చీకటి వేళ పోయి బ్రతిమాలలేదు. ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్ద, మోషే, యాజకుడైన ఎలియాజరు, గోత్ర ప్రధానులు, సర్వసమాజము చూచుచుండగా నిలిచిరి. గుడియు, రచ్చబండయు, తహశీల్దారు కచ్చేరియు ఒక్కచోటనే కూడియున్న స్థలమది. అక్కడ వారు పలికిన మాటలు కొద్దివి, నిలకడ గలవి. తండ్రి కోరహుతో కలిసి తిరుగుబాటు చేసినవాడు కాడనిరి. కుమారుడు లేడన్న ఒక్క కారణమున అతని పేరు వంశములో నుండి తుడిచివేయుట న్యాయమా అని అడిగిరి. తండ్రి అన్నదమ్ములతో పాటు తమకును భూమి కావలెననిరి. చూడుడి, వారడిగినది కనికరము కాదు.

మోషే చేసిన పనిని సంఘ పెద్దలు ప్రత్యేకముగా గమనింపవలెను. ఆడవారికి భూమి యేమిటని అతడు గద్దింపలేదు. మన పెద్దల ఆచారము ఇట్లున్నది, ఇంటికి పొండని పంపివేయలేదు. ఆ వ్యాజ్యెమును దేవుని సన్నిధికి కొనిపోయెను. ఆ స్త్రీలు న్యాయమే పలికిరని దేవుడు తీర్పు చెప్పెను. ఆ అయిదుగురికి మాత్రమే గాక, వారి వంటి ప్రతి కుమార్తెకును అది కట్టడయైనది.

ఇక్కడ మేము ఒక సంగతిని దాచక చెప్పవలెను. ఈ కట్టడ కుమారులు లేని ఇంటి కుమార్తెలకే. అన్నదమ్ములున్న ఆడపిల్లకు అది భాగమియ్యలేదు. అంతేకాదు, 36వ అధ్యాయములో ఆ గోత్రపు పెద్దలు మరల వచ్చి, వీరు ఇతర గోత్రములవారిని పెండ్లాడినచో భూమి చేజారిపోవునని మొరపెట్టగా, సొంత గోత్రములోనే పెండ్లి చేసికొనవలెనని నియమము వచ్చినది. పాలు ఇచ్చిన వెంటనే కంచె వేయబడినది. వాక్యమును మన ఇష్టమునకు సాగదీసి, అందులో లేని మాటను ఉన్నదని చెప్పుట బోధకునికి తగదు. అయినను దారి ఎటు పోవుచున్నదో చూడుడి. యోబు గ్రంథము కడపటి అధ్యాయము 15వ వచనమున ఆ భక్తుడు తన ముగ్గురు కుమార్తెలకు వారి సహోదరులతో పాటు స్వాస్థ్యమిచ్చెను. అక్కడ ఏడుగురు కుమారులుండగానే ఇచ్చెను. ఏ ధర్మశాస్త్రమును అతనిని అడుగలేదు. మరల మొదటి పేతురు 3:7లో అపొస్తలుడు భార్యను గూర్చి భర్తతో మాటలాడుచు, ఆమె జీవమను వరములో అతనితో సమాన వారసురాలని ఎంచుమని బోధించుచున్నాడు. పరలోకపు ఆస్తిలో తోడివారసురాలు. మూడెకరముల మెట్టలో మాత్రము కాదా? ఈ ప్రశ్నతోనే ఈ పాఠము నడచును.

ఇప్పుడు మన దేశపు స్త్రీల స్థితిని కొంత చూతము. 1951 జనాభా లెక్కలలో చదువనేర్చిన స్త్రీలు 100కి 9 మందికి లోపే. 2011 లెక్కలలో ఆ సంఖ్య 65కు దగ్గరగా వచ్చినది. మన తెలుగు సంఘములలో ఈ మార్పు ఇంకను ముందే ఆరంభమైనది. చేతిసంచిలో సువార్త భాగములు పెట్టుకొని పేట పేటకు నడిచిన బైబిలు స్త్రీలను పెద్దవారు ఇప్పటికిని తలంచుకొందురు. 1883లో గుంటూరుకు వచ్చిన వైద్యురాలు అన్నా కుగ్లరు వంటివారి వలన ఆడపిల్లలు నర్సు చదువులు చదివిరి. మనుమరాండ్రు నేడు నగరములలోని ఆసుపత్రులలోను, కంప్యూటరు ఆఫీసులలోను పనిచేయుచున్నారు. గోదావరి జిల్లాల నుండియు కడప ప్రాంతము నుండియు కువైటుకు పోయి, పరుల ఇండ్లలో చాకిరి చేసి, ఇక్కడి ఇంటికి స్లాబు వేయించిన తల్లులు ఎందరో మీరెరుగుదురు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరములు నేర్చుకొన్న కూలి స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. వర్ధినేని రోశమ్మ వంటి సామాన్య స్త్రీలు నడిపిన ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించగా 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడెను. 73వ రాజ్యాంగ సవరణ తరువాత పంచాయతీలలో స్త్రీలు సర్పంచులైరి. (సర్పంచి భర్త కుర్చీలో కూర్చుండుటయు మనము చూచినదే, దానిని గూర్చి మరియొక నెల వ్రాయుదుము.) 2013లో దక్షిణ ఇండియా సంఘము నంద్యాల అధ్యక్ష ఖండమునకు ఎగ్గోని పుష్పలలిత గారిని బిషప్పుగా అభిషేకించినది. ఆ సంఘములో అట్టి స్థానమునకు వచ్చిన మొదటి స్త్రీ ఆమె, మన తెలుగు బిడ్డ.

ఇన్ని మారినను పట్టాదారు పాసుపుస్తకములోని పేరు మారలేదు.

గ్రామములలో పనిచేయు స్త్రీలలో సుమారు నాలుగింట మూడు వంతులు వ్యవసాయపు పనిలోనే ఉన్నారు. నాటు వేయునది ఎవరు? కలుపు తీయునది, మిరపకాయ కోయునది, పత్తి ఏరునది ఎవరు? అయితే 2015–16 వ్యవసాయ గణనలో దేశమందలి కమతములను చూచుకొను వారిలో స్త్రీలు 100కి 14 మంది మాత్రమే. చేయి ఆమెది, చేను అతనిది.

ఇది కేవలము గౌరవమును గూర్చిన మాట కాదు. భర్త అకస్మాత్తుగా చనిపోయిన ఇంటికి మేము ప్రార్థనకు పోవుచుందుము. కొన్ని దినములకు బంధువులు వెళ్లిపోవుదురు. అప్పులవారు మాత్రము వచ్చుచునే యుందురు. పొలము ఇంకను మామగారి పేరననే యుండును. కాబట్టి ఆ విధవరాలు బ్యాంకునకు పోయినచో పంట అప్పు దొరకదు. తుపానుకు చేను పడిపోయినప్పుడు నష్టపరిహారము ఆమె పేర రాదు. తెలంగాణలో 2018లో రైతుబంధు ఆరంభమైనప్పుడు ఆ సొమ్ము పట్టా ఎవరి పేర నున్నదో వారికే చేరినది. ఆ మడిలో నడుము వంచిన మనిషి ఎవరని ఆ కాగితము అడుగదు. ఇక ఆమె పుట్టింటి వైపు చూడవలెను. అక్కడ ఆమె పాలు ఏమైనది?

ఈ ప్రశ్నకు చట్టము చెప్పు జవాబును ముందుగా తెలిసికొందము. మన సంఘములలో చాలమందికి ఇది తెలియదు. తెలిసినవారు చెప్పరు.

క్రైస్తవులకు వర్తించునది 1925 నాటి భారత వారసత్వ చట్టము. వీలునామా వ్రాయకుండ తండ్రి చనిపోయినచో ఆస్తిలో మూడవ వంతు భార్యకు వచ్చును. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికి సమానముగా వచ్చును. కుమారుడని హెచ్చు లేదు, కుమార్తెయని తగ్గు లేదు. పెండ్లియైనదా, కట్నమిచ్చిరా అని అది అడుగదు. ఉదాహరణకు, మూడెకరముల భూమియు, ఇద్దరు కుమారులును, ఇద్దరు కుమార్తెలును ఉన్న ఇల్లనుకొందము. తల్లికి ఒక ఎకరము, నలుగురు బిడ్డలకు తలకు అర ఎకరము. అంతే లెక్క. ఈ చట్టము పుట్టి నూరేండ్లు గడచినవి. అయినను మన పేటలలో ఈ లెక్క ప్రకారము పంచబడిన పొలమును మేము అరుదుగా చూచితిమి.

హిందువులకు 1956 వారసత్వ చట్టము. అది తండ్రి స్వార్జితములో కుమార్తెకు కుమారునితో సమానముగా ఇచ్చినను, పిత్రార్జితములో పుట్టుకతో వచ్చు హక్కును కుమారులకే ఉంచినది. దానిని మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వ కాలమున సవరించి, 1985 సెప్టెంబరు 5 నుండి, అప్పటికి పెండ్లి కాని కుమార్తెలకు కుమారులతో సమముగా హక్కు కలుగజేసినది. దేశమంతటికి అట్టి సవరణ 2005 సెప్టెంబరు 9న వచ్చినది. ఆ దినమునకు తండ్రి బ్రతికియుండనక్కరలేదని, హక్కు పుట్టుకతోనే వచ్చునని సుప్రీం కోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పినది. మన కుటుంబములలో కొన్నింటికి సర్కారు కాగితములలో ఒక మతమును, ఇంటిలో మరియొక ఆరాధనయు నుండుట అందరెరిగినదే. ఆ చిక్కును ఇక్కడ విప్పబోము. ఏ చట్టము వర్తించినను కుమార్తె పాలు సున్న కాదు. అది తెలిసియుండిన చాలును.

క్రైస్తవులమైన మనము ఈ విషయమున ముందున్నామని అతిశయపడుటకును వీలు లేదు. కేరళలో తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవులకు 1916 నాటి చట్టమొకటి యుండెను. దాని ప్రకారము కుమార్తెకు కుమారుని పాలులో నాలుగవ వంతు గాని, 5000 రూపాయలు గాని, ఏది తక్కువో అది. విధవరాలికి బ్రతికినన్నాళ్లు అనుభవించు హక్కు మాత్రమే, అదియు మరల పెండ్లాడినచో పోవును. కొట్టాయములో పాఠశాల నడిపిన మేరీ రాయ్ అను క్రైస్తవ స్త్రీ దీనిపై సుప్రీం కోర్టునకు పోగా, 1986 ఫిబ్రవరి 24న తీర్పు వచ్చినది. 1951 ఏప్రిల్ 1 నుండి అక్కడి క్రైస్తవులకును 1925 చట్టమే వర్తించునని న్యాయమూర్తులు చెప్పిరి. ఆ తీర్పును సంతోషముతో అంగీకరింపవలసిన సంఘములలోనే కొందరు నాయకులు దానికి ఎదురు నిలిచిరి. కుటుంబములు చీలిపోవునని వారి వాదము. ఆమె 2022లో కన్నుమూసిరి. తీర్పు వచ్చిన తరువాత కూడ ఆమె పాలు ఆమె చేతికి వచ్చుటకు ఎన్నో ఏండ్లు పట్టినది.

కుటుంబములు చీలిపోవునన్న మాట కేరళలోనే కాదు, మన పేటలోను వినబడును. దీనిని తేలికగా త్రోసివేయకుడి. ఆడపిల్లకు పుట్టిల్లనగా ఏమో మగవానికి పూర్తిగా తెలియదు. అత్తవారింట దెబ్బ తగిలినప్పుడు, పురుటి సమయమున, పిల్లకు జ్వరము వచ్చి చేతిలో బస్సు చార్జీ లేనప్పుడు ఆమె తలంచు ఇల్లు అది. “అక్కా, నీకేమి తక్కువ చేసితిమి? పండుగకు చీర పెట్టుచున్నాము గదా” అని తమ్ముడనును. “వదినా, పాలు పంచుకొంటే రాకపోకలు ఉండవు మరి” అని మరదలు మెల్లగా అనును. ఆమె కాగితము మీద వేలిముద్ర వేయును. అర ఎకరమును ఇచ్చి గడపను కొనుక్కొనును! తమ్ముడు మంచివాడైతే ఆ గడప ఉండును. అతని పిల్లల కాలమునకు అదియు ఉండదు.

మరికొందరు, “కట్నమిచ్చితిమి, లాంఛనములిచ్చితిమి, ఆమె పాలు అప్పుడే తీరిపోయినది” అందురు. కట్నము పుచ్చుకొనుటయు ఇచ్చుటయు 1961 నుండి చట్టప్రకారము నేరము. నేరముగా ఇచ్చినదానిని న్యాయముగా ఇయ్యవలసినదానికి చెల్లు వ్రాయుట ఏ పద్దు పుస్తకములో నున్నది? పైగా ఆ సొమ్ము ఎవరి చేతికి పోయినది? పెండ్లికుమారుని తండ్రి అప్పునకు, అతని మోటారు సైకిలుకు, ఆడపడుచు పెండ్లికి పోయినది. పిల్ల చేతిలో మిగిలినదేమి? సొమ్ము కరగును, పొలము కరుగదు. పసుపు కుంకుమల క్రింద అర ఎకరము ఇచ్చితిమని చెప్పు ఇండ్లును కలవు. మంచిదే. అయితే దానికి కాగితమున్నదా? అనేక చోట్ల లేదు. అన్నయే దున్నుకొని సంక్రాంతికి రెండు బస్తాల బియ్యము పంపును. ఏదో ఒక సంక్రాంతికి ఆ బస్తాలు నిలిచిపోవును.

ఇప్పుడు లూకా 12:13 చదువుడి. సమూహములో నుండి ఒకడు వచ్చి, తన సహోదరుడు స్వాస్థ్యమును పంచి ఇచ్చునట్లు చెప్పుమని యేసును అడిగెను. ఆయన పంచిపెట్టువాడుగా నుండుటకు ఒప్పుకొనలేదు. లోభము విషయమై జాగ్రత్తపడుడని హెచ్చరించి, పెద్ద కొట్లు కట్టగోరిన ధనవంతుని ఉపమానము చెప్పెను.

పాలు అడిగిన అక్కచెల్లెండ్రకు మన మధ్య ఎక్కువగా చదివి వినిపించు భాగమిదియే. సంఘ పెద్దలు దీనిని తీసి, “అమ్మా, ప్రభువే పంపకములలో జోక్యము చేసికొనలేదు. నీవు లోభపడవద్దు” అని చెప్పుట మేము విన్నాము. దయచేసి ఆ ఉపమానమును మరల చదువుడి. అందులో లోభియైన వాడు ఎవడు? పాలు లేక అడిగినవాడా? పంట విస్తారముగా పండి, అంతయు నాదేనని కొట్టులో పోసికొనినవాడు గదా! ఆ ధనవంతుడు మాటలాడిన మాటలన్నిటిలోను నా పంట, నా కొట్లు, నా ధాన్యము అని నా అను మాటయే. లోభమును గూర్చిన హెచ్చరిక అడుగువారికిని ఉన్నది, నిజమే. తన పాలు కానిదానిని ఆశించు కుమార్తె యుండినచో ఆమెకును అది వర్తించును. అయితే ఎకరములు చేతిలో పట్టుకొని యున్నవానిని విడిచి, వట్టి చేతులతో నిలిచిన దానికి మాత్రమే ఆ హెచ్చరికను చదువుట వాక్యమును సగమునకు కోసి చదువుట. ఈ భాగమును ఇకమీదట అన్నదమ్ములను కూర్చుండబెట్టి వారికే ముందుగా చదువుదురు గాక.

ప్రభువు పంపకము చేయనొల్లలేదు గనుక బోధకుడును చేయరాదందురా? ఒప్పుకొందుము. కొలత వేయుట, హద్దురాళ్లు పాతుట మా పని కాదు. దానికి సర్వేయరు కలడు. గాని ఒక పని మాత్రము మా ఎదుటికి వచ్చుచునే యున్నది. తండ్రి భూస్థాపన ముగిసి, జ్ఞాపక కూటపు భోజనములైన తరువాత, “అయ్యగారూ, అక్కలు కాగితము మీద సంతకము పెట్టుచున్నారు, మీరు సాక్షిగా ఉండి ప్రార్థన చేయండి” అని పిలుతురు. ఆ సమయమున మేము మూడు సంగతులు అడుగుచున్నాము. ఆ కాగితమును ఆమెకు మొదటి నుండి చివరి వరకు చదివి వినిపించితిరా? ఆమె వదులుకొనుచున్నది ఎంత భూమియో, దాని వెల ఎంతయో ఆమెతో చెప్పితిరా? పది దినములు ఆలోచించుకొనుటకు వ్యవధి ఇచ్చితిరా? వీనికి అవునను జవాబు రానిచో మేము సాక్షి సంతకము చేయము, ఆ కాగితము మీద ప్రార్థనయు చేయము. కొందరికి మా మీద కోపము వచ్చినది. రానిండు. తెలిసి, ఇష్టపడి, తన తమ్ముని పేదరికమును చూచి వదులుకొను అక్క ఉండవచ్చును. అది దానము, దేవుడు దానిని చూచును. తెలియకుండ తీసికొనినదానికి దానమను పేరు చెల్లదు.

తల్లులారా, మీరును కొన్ని సంగతులు తెలిసికొనవలెను. భూమి మీద హక్కు వదులుకొను పత్రము సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు కావలెను. కుటుంబ సభ్యుల ధ్రువపత్రము తీయించునప్పుడు కుమార్తెల పేరులు విడిచిపెట్టుట అనేక చోట్ల జరుగుచున్నది. తండ్రి చనిపోయిన కొలది దినములలోనే మీ పేరు అందులో నున్నదో లేదో చూచుకొనుడి. ప్రభుత్వమిచ్చిన డి-పట్టా భూమియు వారసులకు వచ్చునదే. తగవు వచ్చినచో వకీలు ఫీజునకు భయపడకుడి. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీకి, ఆమె ఆదాయమెంతయైనను, ఉచిత న్యాయ సహాయము పొందు హక్కు కలదు. కోర్టు ఆవరణములోని న్యాయసేవల కార్యాలయములో అడుగవచ్చును.

తండ్రులారా, మీతో ఒక మాట. క్రైస్తవుడు తన ఆస్తిని వీలునామా ద్వారా ఎవరికైనను వ్రాయవచ్చును. ఈ స్వేచ్ఛ మంచిదే గాని, మంచము పట్టిన తరువాత కుమారులు తెచ్చిన కాగితము మీద వణుకు చేతితో సంతకము చేయుటకు అది ఇయ్యబడలేదు. ఒంటిలో బలమున్నప్పుడే వ్రాయుడి. ఇద్దరు సాక్షులు కావలెను. వీలునామాలో పాలు పొందువారు గాని, వారి భార్య గాని, భర్త గాని సాక్షిగా సంతకము చేయరాదు. చేసినచో వారికి వ్రాసిన పాలు చెల్లకపోవును. భార్య పేరు మొదట వ్రాయుడి. ఒక కుమారుడు ముసలితనమున మిమ్మును చూచుకొనుచున్నాడని అతనికి కొంత హెచ్చు వ్రాయదలచితిరా, ఆ కారణమును అందరు బిడ్డలను పిలిచి బ్రతికియుండగానే చెప్పుడి. మిమ్మును చూచుకొనునది కుమార్తెయైతే ఆమెకును అదే న్యాయము.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలుపెట్టిన ఇండ్ల స్థలముల పంపిణీలో పట్టాలను స్త్రీల పేరననే ఇచ్చిరి. తెలంగాణలో 2014లో దళిత కుటుంబములకు మూడెకరముల పథకము మొదలైనప్పుడును భూమిని స్త్రీల పేరననే వ్రాసిరి. పరాయివారైన ఆఫీసర్లు ఆమె పేరు వ్రాయగలిగిరి. కన్నతండ్రి కలము మాత్రము అక్కడ ఆగిపోవుచున్నది.

యెహోషువ 17వ అధ్యాయము మూడవ వచనము దగ్గర మరల ఆ అయిదుగురు కనబడుదురు. మోషే చనిపోయెను. జనులు నది దాటిరి, యుద్ధములు జరిగినవి, గోత్రములకు చీట్లు వేసి భూమి పంచుచున్నారు. దేవుని నోట వచ్చిన తీర్పు వారి పక్షమున నున్నది. అయినను పాలు దానంతటదే ఇంటికి నడచి రాలేదు. వారు ఎలియాజరు ఎదుటను, యెహోషువ ఎదుటను, ప్రధానుల ఎదుటను రెండవ మారు వచ్చి నిలిచి, దేవుడు మోషేకు ఆజ్ఞాపించినదానిని జ్ఞాపకము చేయవలసి వచ్చినది. అప్పుడు గాని భూమి రాలేదు. అక్కడికి రెండధ్యాయముల ముందు, 15:19లో, కాలేబు కుమార్తె అక్సా తండ్రి యొద్దకు వచ్చును. ఆమెకు ఇచ్చినది దక్షిణపు ఎండు భూమి. నీళ్లు లేని చేను ఎందుకని ఆమె ఊటలను కూడ అడిగెను. కాలేబు మెరక ఊటలను, పల్లపు ఊటలను రెండింటిని ఇచ్చెను. ఆడపిల్లకు రాళ్ల మిట్టను వ్రాసి, కాలువ క్రింది మడిని కుమారులకు ఉంచుకొను తండ్రులు ఆ వచనమును కూడ చదువవలెను.

ఈ నెల స్త్రీల సమాజ కూటములో ఈ మూడు భాగములను చదువునప్పుడు పురుషులను కూడ పిలువుడి. సంఖ్యాకాండములోని అయిదు పేరులను అయిదుగురు స్త్రీలు ఒక్కొక్కరుగా లేచి చదువుదురు గాక. కూటమునకు వచ్చుటకు ముందు ప్రతివారును ఇంటిలోని ట్రంకుపెట్టె తెరచి, పాసుపుస్తకములో ఎవరి పేరున్నదో, తాతగారి పేరననే ఇంకను ఉన్నదో చూచి రండి. చదువ రానివారు బడికి పోవు మనుమరాలి చేత చదివించుకొని రండి.